చీటీ లేని అనుమతి

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీకెందుకు చెప్తున్నానంటే, నేనెవరో మీకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్లను నమ్మడం నాకు చేతకాదు.

మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీ ఆఫీసులో అడ్మిన్ పని నాది. ఖర్చులు తగ్గించమని మేనేజర్ అన్నప్పుడు పండగొచ్చినంత సంబరపడ్డాను. ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం నేను. అలాంటివాడి చేతికి అధికారం కూడా వచ్చింది. ప్రింటర్ పక్కనే కుర్చీ వేసుకున్నాను. మా ఆఫీసులోనే పనిచేస్తూ, పక్కన తూంకుంటలో ప్లాట్లు అమ్ముకునే పెద్దమనిషొకడు వాటి లేఅవుట్లు ఆఫీసు కాగితాల మీద ప్రింట్ తీస్తుంటే పట్టుకున్నాను. పేపర్ కప్పులు తీసేసి స్టీలు గ్లాసులు పెట్టించాను. ఒకవైపు వాడిన కాగితాలకు ఒక ట్రే పెట్టాను. గేటు దగ్గర సామాను బయటికి వెళ్లాలంటే రాసే చీటీలను కూడా, అదీ కాగితమే కదా అని, ఎత్తేశాను. నా నోటి మాట చాలన్నాను.

ఎస్తేరమ్మ మా ఆఫీసు ఊడ్చేది. రావల్‌కోల్ నుంచి వచ్చేది. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు పాటలు, బొమ్మలు నేర్పేది. ట్రేలో మిగిలిన కాగితాలు పిల్లలకు ఇస్తానని అడిగింది. తీసుకుపొమ్మన్నాను. గేటు దగ్గర కూడా చెప్పాను. పొదుపు చేసిన పుణ్యానికి దానం చేసిన పుణ్యం కూడా కలిసిందని లోపల మురిసిపోయాను.

ఆ తర్వాత పొదుపు మనుషుల మీదికి వచ్చింది. ఎవరెవరిని తీసేయాలో మేనేజర్ నాకొక్కడికే పేర్లు చెప్పాడు. టైపు చేసి ప్రింట్ తీశాను. ఒక పేరు తప్పు పడింది. మళ్లీ తీశాను. పాడైన కాగితం చింపేయాలి. కానీ వెనకవైపు తెల్లగా ఉంది. చింపడానికి చేయి రాలేదు. ట్రేలో వేశాను.

అవును, నేనే వేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఏడేళ్లు పట్టింది.

ఆదివారం చర్చిలో ఎవరో పిల్లవాడు దాని మీద ఓడ బొమ్మ గీసి ఇంటికి తీసుకెళ్లాడు. వాడి నాయిన మా ప్యాకింగ్‌లోనే పనిచేసేవాడు. బొమ్మ వెనక్కి తిప్పితే ఆయన పేరే ఉంది. సోమవారం పొద్దున ఆ కాగితం పట్టుకుని నలుగురినీ వెంటేసుకొచ్చాడు. ఆఫీసంతా గొడవ.

ఇది బయటికెలా పోయిందని మేనేజర్ అడిగాడు. నేను చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? ఎస్తేరమ్మ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే, అడగకుండా కాగితాలు మోసుకుపోతోంది అన్నాను. ఆమెను పిలిపించాడు.

“మీరే గద సార్, తీస్కపొమ్మన్నది,” అంది ఆమె. అరవలేదు. నేను మరిచిపోయానేమో, గుర్తు చేద్దామన్నట్టు అంది.

“నేనెప్పుడు జెప్పిన? చీటీ ఉన్నదా నీ దగ్గర?”

“చీటీలు మీరే బంద్ జేసిండ్రు గద సార్.”

మేనేజర్ నావైపు ఒకసారి చూశాడు. గేటు వాళ్లను పిలిచి అడగలేదు. ఎందుకు అడగలేదు? నేను అబద్ధమాడుతున్నానని అతనికి అప్పుడే అర్థమైందా? ఊడ్చే మనిషిని పంపేస్తే తేలిగ్గా పోతుందనుకున్నాడా? ఆ ఏడు నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చాడు. అది పొదుపుకిచ్చాడో, నా నోరు మూయడానికిచ్చాడో ఇప్పటికీ తేలలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమెను గేటు బయటికి పంపారు. సంచీ దులిపి చూశారు. ఆఫీసులో దొంగతనం చేసిందన్న మాట ఊళ్లోకి చేరింది. చర్చిలో పిల్లలను ఆమె దగ్గరికి పంపడం మానేశారని తర్వాత విన్నాను. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. ఆ పిల్లలు దొరుకుతారా?

అప్పటి నుంచి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే బతుకైంది నాది. ఎవరు గుసగుసలాడినా నా గురించే అనిపిస్తుంది. పోయిన నెల శామీర్‌పేటలో షేర్ ఆటో ఆపితే లోపల ఆమె ఉంది. జరిగి, “కూసోండ్రి సార్,” అంది. మొహంలో కోపం లేదు. నిజంగా లేదా, దాచిందా? నలుగురి ముందు అడుగుతుందేమోనని భయపడ్డాను. పనుందని చెప్పి ఎక్కలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆటో వెళ్లిపోయాక అనిపించింది.

ఆమె ముందు చెప్పాల్సింది మీ ముందు చెప్పి చౌకగా బయటపడాలని చూస్తున్నానేమో. నా మీద నాకే నమ్మకం లేదు. అయినా చెప్తాను. ఎస్తేరమ్మ దొంగ కాదు. అడిగి తీసుకుంది. ఇచ్చింది నేను, ఇవ్వలేదన్నదీ నేనే. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. నాకు మాత్రమే.