కారుకు నేను చూసిన నంబరు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, లెక్కలు బాగా వస్తే బతుకు దానంతటదే తిన్నగా సాగుతుందని నమ్మే అమాయకుల్లో నేనూ ఒకణ్ని. కల్వకుర్తిలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. ప్రతి వేసవీ మాకొకటే గుబులు: జూన్‌లో మళ్ళీ ఉంచుతారా, పొమ్మంటారా? అలాంటి ఓ వేసవిలో మా కరస్పాండెంటు (కాలేజీ ఆయనదే, గోడల సున్నం నుంచి సిలబస్ దాకా ఆయన మాటే) కొత్త కారు కొని నన్ను గదిలోకి పిలిపించాడు. "సార్, మీరు లెక్కల్ల పెద్ద సదువు సదివిన్రు. బండికి జర మంచి నెంబర్ చెప్పున్రి" అన్నాడు.

ఇక నా ఉద్యోగం ఖాయమనుకున్నాను. ఇంకొకడైతే కూడితే తొమ్మిది వచ్చేదేదో చెప్పి బయటపడేవాడు. నాకు చదువు పొగరు కదా, "9973 తీసుకోండి సార్" అన్నాను. నాలుగంకెల ప్రధాన సంఖ్యల్లో అదే పెద్దదనీ, ఒకటీ తానూ తప్ప ఏదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదనీ, నూరును నూరుతో గుణిస్తే దాన్ని దాటిపోతుంది కాబట్టి నూరులోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలనీ, చివరనున్న 3 అంకె తీసేస్తే మిగిలే 997 కూడా మూడంకెల్లో అతి పెద్ద ప్రధాన సంఖ్యేననీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన అంతా విని, "గదంత మంచిగనే ఉన్నది గని, కూడితే ఎంతొస్తది?" అన్నాడు. ఇరవై ఎనిమిది, అది కూడితే పది, మళ్ళీ కూడితే ఒకటి. "ఒకటా? గట్లయితే మనమే ఫస్టు" అని మురిసిపోయి ఆ నంబరే పెట్టించాడు.

జూన్ వచ్చింది. మా ఎదురుగానే ఏసీ గదులతో ఇంకో కాలేజీ తెరిచారు, పిల్లలంతా అటే పోయారు. నంబర్లు చూసే అయ్యగారొకాయన కారు చుట్టూ తిరిగి, "గీ నెంబర్ దేంతోని కలువది" అని తేల్చాడు (ప్రధాన సంఖ్య గురించి నేను కూడా అంత చక్కగా చెప్పలేకపోయాను). సంఖ్య ఏం చేస్తుంది సార్, పిల్లల్ని లాక్కుంది ఎదుటి కాలేజీ అని మొత్తుకున్నాను. బోర్డు మీద భాగించి చూపిస్తానని కూడా అన్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. కరస్పాండెంటు శాంతంగా, "నెంబర్ మార్చుడు మస్తు కష్టమంట సార్. గందుకే మిమ్ముల మారుస్తున్న" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా బాపు అన్నం కలుపుతూ, "గాయన నిన్ను సదువు అడగలె కొడుకా, ధైర్నం అడిగిండు. నువ్వేమొ పాఠం చెప్పినవ్" అన్నాడు. ఒళ్ళు మండిపోయి కంచం ముందు నుంచి లేచాను.

కొన్నాళ్ళకు ఆలేరులో ఇంకో కాలేజీకి ఇంటర్వ్యూకు పోయాను. అక్కడి కరస్పాండెంటు నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి, "లెక్కలంటె బండ్ల నెంబర్లు గిట్ల గూడ చూస్తరా సార్?" అని అడిగాడు. "చూస్త సార్" అన్నాను. ఉద్యోగం ఇచ్చారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కల్వకుర్తిలో ఓ సంఖ్య కోసం యజమానితో కొట్లాడిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, వాడికి లెక్కలు నాకంటే బాగా వచ్చు.