అవ్వ అడిగిన ఎరుపు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూస్తే బొట్టంత. బరువెంతో మోసే నాకే తెలుసు. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఈ మాట రాయడానికి ధైర్యం ఇంకా ఆలస్యంగా వచ్చింది. మీరు వింటే చాలు.

ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియోలో పాత నలుపు తెలుపు ఫోటోలకు కంప్యూటర్లో రంగులు నింపుతాను. చదవడం రాకముందే ఆ పని వచ్చింది. తెర మీద రంగు డబ్బా బొమ్మ ఉంటుంది. దాన్ని ఎంచుకొని చీర మీద నొక్కితే చీరంతా పచ్చబడుతుంది.

ఒకరోజు పులివెందుల నుంచి ఒక అవ్వను కొడుకు తీసుకొచ్చి, స్టూడియోలో దింపి బజారుకు పోయాడు. ఆమెకు చూపు దాదాపు లేదు. భర్త పోయి చాలా కాలమైంది. తాను పోయాక గోడకు తగిలించడానికి, కాపురానికొచ్చిన కొత్తలో దిగిన ఫోటో తెచ్చింది. బాగా మసకబారింది.

"చీర ఏ రంగైనా ఎయ్యి అమ్మీ. బొట్టు మాత్రం ఎర్రగా పెట్టల్ల. పైన మా ఆయప్ప గుర్తుపట్టొద్దా? ఈ బోడి మొగాన్ని చూస్తే ఎవురో ముసిల్దిలే అని వాకిలేసుకుంటాడు" అని నవ్వింది.

నేను నవ్వలేదు. నా భర్త పోయినప్పుడు నా బొట్టు తుడిచింది ఇలాంటి అవ్వలే. మళ్లీ పెట్టుకోవచ్చని నాకెన్నడూ తోచలేదు. ఈమెకెందుకు తోచింది?

చీరకు పచ్చ నింపాను. బొట్టు నల్లటి చుక్కలా ఉంది. దానిమీద ఎరుపు నొక్కాలి. ఎరుపుకు బదులు నుదుటి రంగు తీసుకొని నొక్కాను. చుక్క చర్మంలో కలిసిపోయింది. పొరపాటా? కాదు. చేసినదాన్ని వెనక్కి తెచ్చే మీట నా వేలి కిందే ఉంది.

ఫ్రేము కట్టిన ఫోటో తీసుకోవడానికి వచ్చిన రోజు అవ్వ అడిగింది.

"ఎర్రగా పడిందా అమ్మీ?"

"పడింది అవ్వా. శానా బాగుండాది."

"యాడ? చూపీ."

ఆమె వేలు పట్టుకొని అద్దం మీద, ఆ ఖాళీ నుదుటి మీద పెట్టాను. ఆమె ఆ వేలిని కళ్లకద్దుకుంది.

కొడుకులు ఒప్పుకోరని, ఊళ్లో నవ్వుతారని, ఆమె మంచికే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఏ కొడుకూ నన్నేమీ అడగలేదు.

తర్వాత ఆమె మనవరాలు వేరే ఫోటో పని మీద వచ్చి, అవ్వ పోయిందని చెప్పింది.

"పోయేదాకా మాతో కొట్లాటే అక్కా. బొట్టు యాడుంది జేజీ అంటే, 'కండ్లు లేవని నాతో ఆటలాడతాండారా? స్టూడియో ఆయమ్మ నా యేలు పట్టి చూపిచ్చింది' అంటాండె."

ఇంటివాళ్లను కాదని నన్ను నమ్మింది. ఆ పిల్లకైనా నిజం చెప్పానా? తల వంచుకొని, ఆమె తెచ్చిన ఫోటోలో రంగు నింపుతూ కూర్చున్నాను.

ఎందుకు చేశాను? ఆచారం మీద గౌరవంతో కాదు. నేను అడగలేనిదాన్ని ఆమె నవ్వుతూ అడిగింది, అందుకు. ఆమెకు కనిపించదు కాబట్టి చేయగలిగాను. ఇప్పుడు ఎరుపు నింపినా అది నా కోసమే అవుతుంది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. చెప్పడం ఒక్కటే మిగిలింది.

అవ్వా, నీ ఇంటివాళ్లు నిజమే చెప్పారు. బొట్టు లేదు. నేనే తీసేశాను.