ఏటి గట్టున నాయనతో ఒక పగలు

నా చిన్నప్పుడు మా నాయన ముఖం కంటే వీపే నాకు బాగా తెలుసు. నగరిలో మాది నేతపని ఇల్లు. పొద్దున నేను కళ్ళు తెరిచేసరికే ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉండేవాడు. రాత్రి నేను పడుకునేటప్పుడూ అక్కడే. కోపిష్టి కాదు పాపం, పిలిస్తే "ఏం అమ్మణ్ణీ" అని పలికేవాడు. చెయ్యి మాత్రం ఆగేది కాదు. పక్కింటి పిల్లను వాళ్ళ నాయన భుజాన ఎక్కించుకుని సంతకు పోతుంటే నాకు కడుపు మండేది.

ఒక ఏడు దీపావళికి ముందర వానలు పట్టుకున్నాయి. మగ్గం గుంతలో నీళ్ళు ఊరి నేత ఆగిపోయింది. పండగకు ఇవ్వాల్సిన చీరలు సగంలో ఉన్నాయి. నాయన గుంతలో నీళ్ళు తోడేవాడు, గడపలో నిలబడి మబ్బు చూసేవాడు, మళ్ళీ తోడేవాడు. అప్పుడే అమ్మ వైపు తాత కార్వేటినగరం నుంచి మమ్మల్ని చూసిపోదామని వచ్చాడు. ఆయనకు చేపల పిచ్చి. మరుసటి రోజు వాన వెలిసింది. పుట్టల్లోంచి ఉసిళ్ళు గుంపులుగా రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. తాత ఆ పురుగులను చెంబులో పట్టి, మూతికి గుడ్డ కట్టి, నన్నూ నాయననూ ఏటికి బయలుదేరదీశాడు.

"గుంత ఆరేదాకా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటా కూర్చుంటావా అప్పా? రా" అన్నాడు.

"ఒక్క సేప పడితే నేను లేసి వచ్చేస్తా మామా. పని ఉండాది" అన్నాడు నాయన. చేప పడకూడదు దేవుడా అని దారి పొడుగునా మొక్కుకుంటూ నడిచాను.

అందరూ గాలానికి ఎర గుచ్చి నీళ్ళ అడుక్కు దింపుతారు. మా తాత తీరు వేరు. సన్న వెదురుకర్రకు మా ఇంటి నూలుదారం కట్టాడు. దానికి బెండు లేదు, సీసం లేదు. దారం కొసన ఉండే గాలపు ముల్లుకు ఒక ఉసిలిని కట్టి, అది గాలికి వచ్చి పడినట్టే నీటి మీద వాల్చాలి. చేప కిందినుంచి లేచి అందుకుంటుంది. నాయనకూ నాకూ ఆ విద్యలో ఓనమాలు కూడా రావు. ఆయన విసిరితే దారం ఆయన మెడకే చుట్టుకునేది. నేను విసిరితే తుమ్మకొమ్మకు తగులుకునేది. తాత సణుక్కుంటూ విప్పేవాడు. ఉసిళ్ళను మాత్రం మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

"రెక్క తెగితే సేప రాదు. ముల్లు గుచ్చుకుంటాది. ఈడికి తెండి, నేనే కట్టిస్తా" అనేవాడు.

చేపలు రాకపోలేదు. నీళ్ళు సన్నగా సుడి తిరిగేవి, ఉసిలి మాయమయ్యేది, నాయన లాగేవాడు. ఉత్త దారం. మొదట్లో విసుక్కున్నాడు, తరవాత తనకు తనే నవ్వుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, నా జడలో చిక్కిన రెక్కలు ఏరుతూ, తను బడి ఎగ్గొట్టి మామిడితోటలో దాక్కున్న సంగతి చెప్పాడు. ఆయనకూ ఒక చిన్నతనం ఉండేదని నేను అప్పటిదాకా అనుకోలేదు. అమ్మ కట్టిచ్చిన సంగటి ముద్ద తుంచి, తన చేత్తో నాకు పెట్టాడు. అయిపోతుందేమోనని నేను మెల్లగా తిన్నాను.

పొద్దు వాలుతుండగా తాత తన కర్ర తీసి, పులుసుకు సరిపడా పరిగె చేపలు చకచకా పట్టేశాడు. "సేతకానోళ్ళను ఏటికి తీసుకొస్తే ఇంతే" అని మమ్మల్ని ఆడిపోసుకున్నాడు. సామాను సర్దుతుంటే మా దారం కొస నా చేతికి వచ్చింది. దానికి ముల్లు లేదు. ఉత్త ముడి. తల ఎత్తి చూస్తే తాత మీసం మీద వేలు పెట్టుకుని, కళ్ళతోనే ఊరుకోమన్నాడు. చేప పడితే అల్లుడు లేచి ఇంటికి వెళ్ళిపోతాడని ముల్లు కట్టకుండానే మా చేతికి ఇచ్చాడు. దారిలో నేను మొక్కుకున్నది ఆయన చెవిన పడిందో, నా ముఖం చూసే తెలుసుకున్నాడో.

ఆ గుట్టు చాలా ఏళ్ళు దాచాను. తాత పోయాడు. నాయన మంచం పట్టిన రోజుల్లో, కాస్త నవ్వుతాడని, మామ తనను ఎట్లా బోల్తా కొట్టించాడో చెప్పాను. ఆయన నా వైపు తిరిగాడు.

"తెగిన నూలు అతికే సేతులమ్మా ఇవి. మొదటిసారి లాగినప్పుడే తెలిసిపోయినాది, కొసన ముల్లు లేదని."

"మరి లేసి రాకపోతివే నాయనా?"

"యాడికి వచ్చేది? నువ్వు ఆడ కూర్చోనుంటివి గదా."

అంత పని నెత్తిన పెట్టుకున్న మనిషి, ఏమీ పడదని తెలిసీ, పొద్దంతా నీళ్ళ మీదికి దారం విసిరాడు. ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఎవరి తొందర వాళ్ళది. ఎవరైనా వచ్చి నా పక్కన ఊరికే కూర్చుంటే మాత్రం చేతిలో ఎంత పని ఉన్నా పక్కన పెట్టేస్తాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన మీద బెంగ మాత్రం ఈ వయసులోనూ తీరలేదు. నాయన పక్కన ఇంకొక్క పగలు కూర్చోవాలని ఉంది.