కాలేజీ ముందు విమానం

ఈ ఎండాకాలం అత్తను నాగర్‌కర్నూల్ దవాఖానలో చూపించి వనపర్తి బస్సులో తీసుకొస్తుంటే దారిలో టైరు పంచరైంది. దిగి చూస్తే ఎదురుగా ఒక కాలేజీ, దాని ముందు వైమానిక దళం వాడకం మానేసిన పాత సరుకు రవాణా విమానం. సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టి, రంగు వేసి, చుట్టూ పచ్చిక పెంచారు. పిల్లలు ఫొటోలు దిగుతున్నారు.

మామ వైమానిక దళంలో ఇలాంటి వాటికే ఇంజన్లు బాగుచేసేవాడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నల్లమలలో ఎండాకాలం మంటలార్పే వాచర్‌గా చేరాడు. పైన విమానం పోతే తలెత్తకుండానే దాని ఇంజన్ సంగతి చెప్పేవాడు; కూరలో ఉప్పు లేకపోతే మాత్రం తెలిసేది కాదు. మంటను కొట్టడానికి వాచర్ చేతిలో ఉండేది పచ్చి కొమ్మ. తుక్కు కింద అమ్మేసే విమానాల్లో ఒకదానికి నీళ్ల ట్యాంకు బిగించమని, వేరే దేశాల్లో అలాగే చేస్తారని మామ బొమ్మ గీసి మరీ అర్జీ పెట్టాడు. అటవీ శాఖ ఆఫీసులో ఒకాయన నవ్వాడట.

"విమానమే అడుగుతున్నవు, నీళ్లేడికెల్లి తెస్తవయ్యా?"

"కృష్ణ పక్కపొంటే పారుతున్నది గద సార్."

ఇంట్లో అత్త ఎత్తిపొడిచేది. "ముందుగాల కాళ్లకు బూట్లడుగు. రబ్బరు చెప్పులు కరిగి మడిమెలకు అంటుకుంటున్నయి."

బూట్లకూ అర్జీ పెట్టాడు. రెండింటికీ జవాబు రాలేదు. విమానం ఒక్కటే అడవిని కాపాడుతుందని నేనూ అనను. జవాబు మాత్రం రావలసింది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఏరేవాళ్లు పువ్వు కనబడాలని చెట్ల కింద ఆకులు కాలుస్తారు. నిప్పు ఆరిందనుకుని పోతారు. మామ వాళ్లను తిట్టేవాడు కాదు. వీలైన చోట తానే ఆకులు ఊడ్చి ఇచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అలాంటి నిప్పే గాలికి లేచి గుట్ట మీద ఆయనను చుట్టేసింది. కాళ్లకు అవే చెప్పులు. మామ చావు మీద రిపోర్టులో 'అజాగ్రత్త వల్ల' అని రాశారు. ఎవరి అజాగ్రత్తో రాయలేదు.

ట్యాంకర్ వచ్చి విమానం కింది పచ్చికకు నీళ్లు పట్టసాగింది. అత్త దగ్గరికి పోయి పైపు పట్టుకున్నతన్ని అడిగింది.

"దినాం పోస్తరా నాయినా?"

"రెండు పూటల పొయ్యాలె అమ్మా. లేకుంటే ఎండిపోతది."

అత్త నా వైపు తిరిగింది. "చూస్తివా బిడ్డా. విమానం దొరికింది, నీళ్లు గూడ దొరికినయి."

మామ అడిగినవి రెండూ ఒకచోటికి చేరడానికి ఆరేళ్లు పట్టింది. ఈ ఆరేళ్లలో ఇప్పపువ్వు మాత్రం ఒక్క ఏడూ ఆలస్యంగా రాలలేదు.