నాన్నకు కనబడని ఇరవై తొమ్మిది

ఈ రోజు పొద్దున హాలిఫాక్స్‌లో నాన్నను బయాప్సీకి తీసుకెళ్లాను. నర్సు ఆయన చేతికి కట్టిన పట్టీ మీద 29000087 అని ఉంది. అమ్మ వెంటనే అంకెలన్నీ కూడి, "ఎనిమిదొచ్చిందే. శని అంకె. వేరే నంబర్ ఇమ్మని అడగవే," అంది నా చెవిలో.

నాన్న రిటైరైన లెక్కల లెక్చరర్. "తొమ్మిదితో భాగిస్తే ఎనిమిది మిగులుతుంది, అంతే! మధ్యలో శని ఎందుకొచ్చాడు?" అని కసిరారు. తర్వాత ఆయనే పట్టీ చూసుకుంటూ ఏడు, పదకొండు, పదమూడు అని గొణుగుతూ భాగించడం మొదలుపెట్టారు. ఇరవై మూడు దాకా వెళ్లి, "దేంతోనూ పోవట్లేదమ్మా. ప్రైమ్ నంబరే అయ్యుంటుంది," అన్నారు. అంతలో లోపలికి పిలిచారు.

బయట కూర్చున్నాక నాకు తట్టింది. మొదట ఇరవై తొమ్మిది, చివర ఎనభై ఏడు, అంటే మూడు ఇరవై తొమ్మిదులు. ఇరవై తొమ్మిదితో పోతుందని చూడగానే తెలిసిపోతుంది. చిన్నప్పుడు బస్సు నంబర్లను ఇలా విడగొట్టడం నాకు నేర్పిందే ఆయన. అప్పటిదాకా అమ్మ ఒక్కతే భయపడుతోందనుకున్నాను.

రిపోర్ట్ ఇంకా రాలేదు. ఇంటికొచ్చాక, ఎవరూ చూడకుండా, నేనూ కూడి చూశాను. ఎనిమిదే. నవ్వితే నవ్వారు గానీ, నిజం చెప్పండి, మీరైతే వేరే నంబర్ అడిగేవారా?