బిర్యానీ మాస్టరు ఎడమ కన్ను

కరీంనగర్ల మా గల్లీ బిర్యానీ మాస్టరును నేను చాచా అంటుంటి. ఆయన గిన్నె మూత తీస్తే ఆ వాసనకు మెట్‌పల్లి బస్సు సుత బ్రేకు కొట్టేది. గసొంటి చెయ్యి మళ్ల చూడలే. కానీ కన్నీళ్లు ముక్కులకు దిగే దారి మూసుకపోయి, ఎడమ కన్ను మానేరు డ్యాం గేటెత్తినట్టు కారుతుండె. "బిర్యానీల కన్నీళ్లు పడ్తయ్" అని పెండ్లోళ్లు పిలుసుడు బందు పెట్టిన్రు.

"పొయ్యి కాడ లేకుంటే నేనెందుకు భాయ్?" అని చాచా ఆపరేషన్‌కు ఒప్పుకున్నడు.

కొత్త దారి తీసినంక డాక్టరు కంటి మూలల సన్నటి గొట్టంతోని ఉప్పునీళ్లు వదిలిండు. దారి తెరుచుకుంటే అవి ముక్కులకెల్లి గొంతులకు దిగాలె.

"వచ్చినయా చాచా?" డాక్టరు అడిగిండు.

చాచా చప్పరించి, తల అడ్డంగా ఊపిండు. డాక్టరు మొఖం వాడిపోయింది.

"వచ్చినయ్ సాబ్. జర ఉప్పు తక్కువైంది."