అన్నిటికీ ఆయ్

కరోనా తగ్గిన మరుసటి ఏడు, అమలాపురంలో నేను మత్తు డాక్టరుగా ఉన్న ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లు మొదలయ్యాయి. సర్జన్‌గారు హైదరాబాదు నుంచి వచ్చారు. గుండె ఆయన బాధ్యత. మిగతా మనిషి నా బాధ్యత.

బండారులంక నేతగాడు సత్యంగారికి బైపాస్. ముందురోజు ఆయన అడిగింది ఒక్కటే.

"మత్తు బుర్రకెక్కితే మళ్లీ దిగుద్దాండీ?"

"దిగుతుందండి. ఎక్కించి వదిలేయడానికి నాది సారా కొట్టు కాదు."

ఆయన భార్య వరలక్ష్మిగారు నవ్వారు. ఆయన నవ్వలేదు. "చీర అంచు డిజైను కాయితమ్మీద లేదండి. ఇక్కడే ఉందండి," అని నుదురు చూపించారు.

పీల్పించే గ్యాసు వద్దనుకుని, నరంలోకి ఎక్కించే ప్రొపొఫాల్ ఎంచుకున్నాను. గుండె ఆపినంతసేపూ రక్తాన్ని తిప్పేది హార్ట్-లంగ్ మెషీన్. అప్పుడు మెదడుకు ఆక్సిజన్ చాలుతోందో లేదో చూసే సెన్సర్లు నుదుటికి అంటించాను, సరిగ్గా ఆయన చూపించిన చోట. అంకెలు ఎక్కడా తగ్గలేదు.

ఆపరేషన్ అయిన వారానికి సర్జన్‌గారు రౌండ్స్‌కి వచ్చారు.

"బాగున్నారా?"

"ఆయ్."

"నొప్పి తగ్గిందా?"

"ఆయ్."

"ఫస్ట్ క్లాస్. ఇంటికి పంపేద్దాం."

నాకెందుకో అనుమానమొచ్చింది. "సత్యంగారూ, ఇవాళ ఏ వారమండీ?"

"ఆయ్," అన్నారు, ఎంతో వినయంగా.

"సార్, మా వైపు అర్థం కాకపోయినా ఆయ్ అంటారు. ఇంకొన్నాళ్లు చూద్దాం," అన్నాను.

"నేను గుండె సర్జన్నండీ, తెలుగు మాస్టర్ని కాదు," అన్నారాయన. పంపేశారు.

ఇలాంటి ఆపరేషన్ల తరవాత కొందరికి జ్ఞాపకం మసకబారుతుంది. చాలామంది నెలల్లో తేరుకుంటారు. సత్యంగారు తేరుకోలేదు.

"సాదా నేత నేసేత్తన్నారండి," అన్నారు వరలక్ష్మిగారు చెకప్‌కి తీసుకొచ్చి. "అంచు కాడికొచ్చేసరికి చేతులాగిపోతన్నాయండి. మర్చిపోయేరా అంటే ఆయ్, గుర్తొచ్చిందా అంటే ఆయ్. వేరే మత్తిస్తే బాగుండేదాండీ?"

తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. పరిశోధనలు కూడా మా ఊరివాళ్లలాగే, రెండు మందులకూ ఆయ్ అంటాయి.

అప్పటినుంచి, ఆయ్‌తో గట్టెక్కగలిగే ప్రశ్న నేను ఎవర్నీ అడగను. ఆపరేషన్‌కి ముందూ తరవాతా పులస పులుసు ఎలా పెడతారో, కొబ్బరి ఎలా దింపుతారో మొదటినుంచి చెప్పమంటాను. నర్సులు నాకు తిండియావ అనుకుంటారు.

ఆ చెకప్ రోజు సత్యంగారి గుండె స్కానింగ్ చూసి సర్జన్‌గారు మురిసిపోయారు. వెళ్లేముందు నన్ను చూపించి, "డాక్టర్‌గారికి దణ్ణం పెట్టండి," అన్నారు వరలక్ష్మిగారు. ఆయన లేచి, నేనెవరో తెలియకుండానే, రెండు చేతులూ జోడించారు.

ఆ బుర్రలో నేను కాపాడింది మర్యాద ఒక్కటే.